బరువు తగ్గితే హార్మోన్లు దారికొస్తాయా?

బరువు తగ్గించే ఇంజెక్షన్ల ముచ్చట ఇప్పుడు ఏ పెళ్లికి వెళ్లినా వినపడుతోంది. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చాయి. వెగోవీలో ఉండే మందు పేరు సెమాగ్లుటైడ్. మనదేశంలో దీని పేటెంటు గడువు 2026 మార్చితో తీరిపోవటంతో దేశీ కంపెనీలకు దారి తెరుచుకుంది. ఆ వరుసలో హైదరాబాద్ కంపెనీలూ ఉన్నాయి. ధర దిగుతున్నకొద్దీ ఇది మధ్యతరగతి ఇళ్ల ఫ్రిజ్‌లలోకి చేరటం ఖాయం.

అయితే చర్చంతా 'ఎన్ని కిలోలు తగ్గారు?' అన్న దగ్గరే ఆగిపోతోంది. కిలోలతో పాటు ఒంట్లో మరో రెండు మారతాయి. ఒకటి, ఇన్సులిన్ మాటను శరీరం వినే తీరు. రెండోది, స్త్రీ పురుష హార్మోన్ల మోతాదు. తప్పిపోయిన నెలసరి మళ్లీ గాడిలో పడటం, గర్భం నిలవటం, మగవారిలో హుషారు, కోరికలు, మెనోపాజ్ దాటిన తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు.. వీటన్నింటికీ ఈ మార్పులతో సంబంధముంది. కాబట్టి ఇంజెక్షన్ తీసుకునేవారికే కాదు, నడకను నమ్ముకున్నవారికీ, 'నాది హార్మోన్ల సమస్య, అందుకే లావయ్యాను' అని సరిపెట్టుకున్నవారికీ ఈ సంగతి తెలియాలి.

ఒకటే ఇన్సులిన్.. రెండు రకాల చిక్కు

అన్నం తిన్నాక రక్తంలో పెరిగే గ్లూకోజును కండరాల్లోకి, కాలేయంలోకి చేర్చేది ఇన్సులిన్. పొట్ట లోపల, కాలేయంలో, కండరాల్లో కొవ్వు పేరుకుంటే ఆ కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. ఇదే ఇన్సులిన్ నిరోధకత. దీన్ని గెలవటానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను వదులుతుంది. ఇలా ఏళ్ల తరబడి గ్లూకోజు పరీక్షలో ఏ తేడా కనిపించకుండానే రక్తంలో ఇన్సులిన్ మోతాదు ఎక్కువగా ఉండిపోతుంది. షుగరు బయటపడేది క్లోమం అలసిపోయాకే.

ఈ అదనపు ఇన్సులిన్ చేసే పనుల్లో చాలామందికి తెలియనిది ఒకటుంది. స్త్రీ పురుష హార్మోన్లను పట్టుకొని రక్తంలో మోసుకెళ్లే ప్రొటీన్‌ను కాలేయం తయారుచేస్తుంది. ల్యాబ్ రిపోర్టుల్లో దీన్ని ఎస్‌హెచ్‌బీజీ అని రాస్తారు. ఇన్సులిన్ ఎక్కువైనా, కాలేయానికి కొవ్వు పట్టినా ఇది తగ్గిపోతుంది. ఇది తక్కువగా ఉన్నవారికి మున్ముందు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని కూడా పరిశోధనల్లో తేలింది. ఇది మనకు దూరపు విషయమేమీ కాదు. హైదరాబాద్‌లోని ఐటీ ఉద్యోగులపై చేసి, 2025లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది.

మోసే ప్రొటీన్ తగ్గితే ఏమవుతుంది? ఇక్కడే ఆడవారికీ, మగవారికీ కథ వేరవుతుంది. మగవారిలో ప్రొటీన్‌తో పాటు రక్తంలోని మొత్తం టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. ఆడవారిలో మోసే ప్రొటీన్ తగ్గేసరికి ఉన్న కాస్త టెస్టోస్టిరాన్ విడిగా, పనిచేసే రూపంలో ఎక్కువగా మిగులుతుంది. పైపెచ్చు ఇన్సులిన్ అండాశయాలను ప్రేరేపించి మగ హార్మోన్లను ఇంకా ఎక్కువ తయారుచేయిస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే భోజనం తినే భార్యాభర్తల్లో ఆయనకు మగ హార్మోన్ తక్కువనీ, ఆమెకు ఎక్కువనీ రిపోర్టు వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెంటికీ మూలం ఒకటే కావొచ్చు.

మగవారి రిపోర్టు చదివే ముందు

'ఫుల్ బాడీ చెకప్' ప్యాకేజీలు పెరిగాక టెస్టోస్టిరాన్ పరీక్ష కూడా వాటిలో భాగమైపోయింది. నలభై ఏళ్ల వ్యక్తి రిపోర్టులో డెసిలీటరుకు 270 నానోగ్రాములని ఎర్ర అక్షరాల్లో కనపడుతుంది. మామూలుగా 300 కన్నా తగ్గితే తక్కువగా లెక్కిస్తారు. వెంటనే కంగారు. ఆ కంగారును సొమ్ము చేసుకునే క్లినిక్కులకూ కొదవలేదు.

కాస్త ఆగండి. ఈ పరీక్షను ఉదయం పూట, పరగడుపున చేయాలి. వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు చూడాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఇచ్చిన రక్తంలోనో, జ్వరం తగ్గిన వారంలోనో హార్మోన్ తక్కువగానే ఉంటుంది. ఇక ఒక మోస్తరు లావుగా ఉన్నవారిలో మొత్తం టెస్టోస్టిరాన్ తగ్గటానికి చాలావరకు మోసే ప్రొటీన్ తగ్గటమే కారణం. విడిగా, పనిచేసే రూపంలో ఉండే హార్మోన్ సరిపడా ఉండొచ్చు. ఊబకాయం తీవ్రమైతే మాత్రం మెదడులోని పీయూష గ్రంథి నుంచి వృషణాలకు వెళ్లే సంకేతాలే మందగిస్తాయి. అప్పుడు ఈ విడి హార్మోన్ కూడా తగ్గుతుంది.

బరువు తగ్గితే ఇది వెనక్కి మళ్లుతుందా? మళ్లుతుంది. ఎంతన్నది తగ్గిన బరువును బట్టి ఉంటుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2013లో చేసిన విశ్లేషణ ప్రకారం ఆహార నియమాలతో బరువు తగ్గినవారిలో టెస్టోస్టిరాన్ సగటున డెసిలీటరుకు సుమారు 80 నానోగ్రాములు పెరిగింది. పొట్ట సర్జరీతో చాలా ఎక్కువ బరువు తగ్గినవారిలో దాదాపు 250 పెరిగింది. 270 దగ్గర ఆగిన వ్యక్తికి ఈ 80 అంటే చిన్న విషయమేమీ కాదు, రిపోర్టులో ఎర్ర అక్షరాలు నల్లగా మారిపోతాయి. యూరప్‌లో మధ్యవయసు, పెద్దవయసు మగవారిని కొన్నేళ్ల పాటు గమనించిన మరో పెద్ద అధ్యయనం రెండో వైపునూ చూపింది. బరువు పెరిగినవారిలో హార్మోన్ తగ్గింది, తగ్గినవారిలో పెరిగింది.

కొత్త ఇంజెక్షన్లతో ఏమవుతోందన్న దానిపైనా సమాచారం వస్తోంది. 2025 జులైలో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ సదస్సులో 110 మంది మగవారి వివరాలను వెల్లడించారు. వీరంతా ఊబకాయమో, మధుమేహమో ఉండి సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్, డులాగ్లుటైడ్‌లలో ఒకటి తీసుకుంటున్నవారు. టెస్టోస్టిరాన్ మందులేవీ వాడటం లేదు. ఏడాదిన్నరలో సుమారు 10 శాతం బరువు తగ్గారు. హార్మోన్ మామూలు స్థాయిలో ఉన్నవారు మొదట 53 శాతం ఉంటే చివరికి 77 శాతం అయ్యారు. పత్రికల్లో ఇది 'మగతనం పెంచే ఇంజెక్షన్' అన్నట్టుగా తిరిగింది. అంత హడావుడి అక్కర్లేదు. పోల్చి చూడటానికి మందు తీసుకోని బృందం ఇందులో లేదు. అంత బరువు నడకతో తగ్గినా ఇలాగే అయ్యేదేమో. 2013 విశ్లేషణలోని అంకెలైతే అటే మొగ్గు చూపుతున్నాయి.

టెస్టోస్టిరాన్ ఎక్కించుకుంటే సరిపోదా?

చాలామంది అడిగే ప్రశ్నే. హార్మోన్ ఇస్తే కండ పెరిగి, కొవ్వు తగ్గి, ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది కదా అని. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆస్ట్రేలియాలో 50 నుంచి 74 ఏళ్ల మధ్య వయసుండి, నడుం కొలత 95 సెంటీమీటర్లు దాటిన 1,007 మందిపై చేసిన ప్రయోగ ఫలితాలు 2021లో వచ్చాయి. అందరికీ బరువు తగ్గే కార్యక్రమం ఇచ్చారు. సగం మందికి అదనంగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, మిగతావారికి ఉత్తుత్తి ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత మధుమేహం కనిపించినవారు హార్మోన్ తీసుకున్న బృందంలో 12 శాతం, తీసుకోనివారిలో 21 శాతం.

మంచి ఫలితమే. కానీ హార్మోన్ తీసుకున్నవారిలో 22 శాతం మందికి రక్తం పరిమితికి మించి చిక్కబడింది. మరో బృందంలో అలా అయినవారు 1 శాతమే. అందుకే ఈ ప్రయోగం తర్వాత కూడా మధుమేహం రాకుండా టెస్టోస్టిరాన్ వాడటం మామూలు వైద్యంగా మారలేదు.

ఇంట్లో పెళ్లికావాల్సిన కొడుకో, పిల్లల కోసం చూస్తున్న అల్లుడో ఉంటే ఇంకో ముఖ్యమైన సంగతి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే శరీరం సొంత తయారీని ఆపేస్తుంది. వీర్యకణాలు బాగా తగ్గిపోతాయి, కొందరిలో పూర్తిగా కనపడకుండా పోతాయి. మానేశాక తిరిగి రావటానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. జిమ్‌లో ఎవరో చెప్పారని వాడే ఇంజెక్షన్లతోనూ ఇదే ప్రమాదం. పిల్లలు కావాలనుకుంటున్న వ్యక్తికి ఈ ఒక్క మాట చెప్పకుండా హార్మోన్ రాసిచ్చే క్లినిక్‌ను నమ్మకపోవటం మంచిది. వృషణాలకో, పీయూష గ్రంథికో నిజంగా జబ్బు ఉన్నవారి సంగతి వేరు. వారికి ఈ చికిత్స అవసరం. దాన్ని ఎండోక్రైనాలజిస్టే తేల్చాలి.

ఆడవారిలో: నెలసరి నుంచి మెనోపాజ్ దాకా

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికే ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మంది, తెలంగాణలో 30 శాతం మంది మహిళలు అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. నెలసరి రెండు, మూడు నెలలకోసారి రావటం, గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు.. ఈ లక్షణాలతో వచ్చే పీసీఓఎస్ గురించి ఇప్పుడు కాలేజీ పిల్లలకూ తెలుసు. అల్ట్రాసౌండ్‌లో 'నీటితిత్తులు' అని రాయగానే ఇంట్లో అందరి దృష్టీ అండాశయాల మీదికే పోతుంది. నిజానికి అవి జబ్బుతో వచ్చే తిత్తులు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల గూళ్లు. చాలామందిలో అసలు తిప్పలు పెట్టేది ఇన్సులిన్.

ఇక్కడ బరువు తగ్గటం తాలూకు ఫలితం తొందరగానే కనపడుతుంది. 70 కిలోల అమ్మాయి మూడున్నర కిలోలు తగ్గినా, అంటే 5 శాతమే అయినా, కొందరిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ఇంకా ఊబకాయంలోనే ఉండి కూడా నెలసరి సరి అవుతుంది. అంటే బీఎంఐ మామూలు స్థాయికి వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. ఇన్సులిన్ దిగుతుంది, మోసే ప్రొటీన్ పెరుగుతుంది, విడి టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. వెంట్రుకల విషయంలో మాత్రం ఓపిక పట్టాలి. మొలిచిన వెంట్రుక పోవటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి విడిగా చికిత్స కావాలి.

ఇక సన్నగా ఉన్నా పీసీఓఎస్ వచ్చే అమ్మాయిలు మన దగ్గర తక్కువేం కాదు. వీరికీ 'బరువు తగ్గు' అని అదే సలహా ఇవ్వటం అన్యాయం. అప్పటికే 50 కిలోలున్న పిల్ల తిండి మానేస్తే జరిగేది రివర్సు. శరీరానికి తగినంత శక్తి అందటం లేదని మెదడు గ్రహిస్తే అండాశయాలకు పంపే సంకేతాలనే తగ్గించేస్తుంది. నెలసరి పూర్తిగా ఆగిపోతుంది, ఈస్ట్రోజన్ పడిపోయి ఎముకలు బలహీనమవుతాయి. పెళ్లికి రెండు నెలల ముందు మొదలుపెట్టే 'క్రాష్ డైట్'లు చేసే నష్టం ఇదే. అతిగా కడుపు మాడ్చుకుంటే మగవారిలోనూ టెస్టోస్టిరాన్ తగ్గుతుంది.

మెనోపాజ్ తర్వాత పరిస్థితి మళ్లీ మారుతుంది. అండాశయాలు పని ఆపేశాక ఒంట్లో ఈస్ట్రోజన్ ఎక్కువగా తయారయ్యేది కొవ్వు కణాల్లోనే. కొవ్వు ఎక్కువైతే ఈస్ట్రోజన్ కూడా ఎక్కువ. ఆ వయసులో ఊబకాయం ఉన్నవారికి రొమ్ము, గర్భాశయ లోపొర క్యాన్సర్లు ఎక్కువగా రావటానికి ఇదొక కారణం. అమెరికాలో మెనోపాజ్ దాటిన, అధిక బరువున్న 439 మంది మహిళలపై ఏడాది పాటు చేసిన పరిశోధన 2012లో వచ్చింది. ఆహార నియమాలు, వ్యాయామం రెండూ పాటించి సుమారు 10 శాతం బరువు తగ్గినవారిలో ఎస్ట్రడయోల్ అనే ముఖ్యమైన ఈస్ట్రోజన్ 20 శాతం తగ్గింది, మోసే ప్రొటీన్ దాదాపు 26 శాతం పెరిగింది. 'ఈ వయసులో నాకెందుకమ్మా ఈ డైటింగు' అనే తల్లులకు, అత్తగార్లకు చెప్పాల్సిన అంకెలివి. అందం కోసం అయితే ఆవిడ అన్నది సబబే. కానీ లెక్క అందానిది కాదు.

ఎన్ని కిలోలు తగ్గాలి?

ఒక్కో అవయవం ఒక్కో దగ్గర స్పందిస్తుంది. అమెరికాలో ఊబకాయులపై చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో 5 శాతం బరువు తగ్గేసరికే కాలేయం, కొవ్వు, కండరాలు మూడింటిలోనూ ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. 11, 16 శాతాలకు వెళ్లేకొద్దీ కండరాల్లో ఇంకా మెరుగైంది. 80 కిలోల మనిషికి మొదటి మెట్టు 4 కిలోలేనన్నమాట. షుగరు వచ్చి ఎక్కువ ఏళ్లు కానివారు దాన్ని వెనక్కి నెట్టాలంటే మాత్రం 4 కిలోలు చాలవు. బ్రిటన్‌లో 2017లో ఫలితాలు వెల్లడించిన 'డైరెక్ట్' ప్రయోగంలో 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం మందికి ఏడాది తర్వాత మందులు లేకుండానే మధుమేహం ఉపశమించింది.

ఈ అంకెలన్నీ తెల్లవారి ఒళ్ల మీద తేలినవే ఎక్కువ. మనవాళ్లకు చెయ్యీ కాళ్లూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉంటుంది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుం కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం చేసిన, 2006లో వెలువడిన అధ్యయనం ఈ విషయంలో తప్పకుండా తెలుసుకోవాల్సింది. షుగరు అంచున ఉన్న 531 మందిలో నడక, తిండి మార్పులతో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. ఆశ్చర్యమేమిటంటే వారి సగటు బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు. నడిచే కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజును లాక్కుంటుంది. అంచేత మూడు నెలలు నడిచినా త్రాసు ముల్లు కదలలేదని మానేసిన మీ ఇంట్లోవారిని మళ్లీ బూట్లు వేసుకోమనండి.

ఇదే కారణంతో ఎంత తగ్గారన్న దానికన్నా ఏది తగ్గిందన్నది ముఖ్యం. ఇంజెక్షన్‌తో అయినా, ఉపవాసంతో అయినా వేగంగా తగ్గే బరువులో పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి కండే ఉండొచ్చు. తిన్న గ్లూకోజులో ఎక్కువ భాగాన్ని దాచుకునే చోటు కండరమే. అది కరిగిపోతే ఇన్సులిన్‌కు చోటు తగ్గుతుంది. ఆకలి చచ్చిపోయి పెరుగన్నం రెండు ముద్దలతో సరిపెట్టేవారు ఈ ప్రమాదంలో ముందుంటారు. ఆ రెండు ముద్దలకు బదులు గుడ్డు, పప్పు, శనగలు, చేప, పనీర్ లాంటివి ముందు తినాలి. వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తటమో, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవటమో చేయాలి.

ఇంజెక్షన్ వాడుతుంటే గర్భం సంగతి

మనిళ్లలో నోరు విప్పి అడగని భాగమిది. ఏళ్లుగా పిల్లలు లేక, ఇక రారనుకొని, బరువు కోసం ఇంజెక్షన్ మొదలుపెట్టిన మహిళలకు అనుకోకుండా గర్భం నిలుస్తున్న సందర్భాలు విదేశాల్లో చాలానే బయటపడ్డాయి. పైన చెప్పిన లెక్క చూస్తే ఇందులో మాయేమీ లేదు. ఇన్సులిన్ దిగింది, అండం విడుదలైంది. కానీ ఈ మందులు గర్భంలో సురక్షితమని రుజువు కాలేదు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2025 జూన్‌లో దీనిపై ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. మౌంజారోలోని టిర్జెపటైడ్ వల్ల గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటికి పట్టకపోవచ్చని, మందు మొదలుపెట్టిన 4 వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు కండోమ్ కూడా వాడాలని సూచించింది.

పిల్లలు కావాలనుకుంటే సెమాగ్లుటైడ్‌ను కనీసం 2 నెలల ముందే, టిర్జెపటైడ్‌ను నెల ముందే ఆపేయాలి. అసలు చిక్కు ఇక్కడుంది. సెమాగ్లుటైడ్ ఆపేసినవారు ఏడాదిలో, తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండొంతులు తిరిగి పెరిగినట్టు ఒక పెద్ద ప్రయోగంలో తేలింది. బరువు తిరిగొస్తే ఇన్సులిన్ నిరోధకత, దాని వెంటే హార్మోన్ల తేడా తిరిగొస్తాయి. కాబట్టి మందు మొదలుపెట్టే రోజే డాక్టరుతో ఆపే రోజు గురించి కూడా మాట్లాడుకోవాలి. గర్భం ఎప్పుడు కావాలనుకుంటున్నారు, అప్పటికి ఎంత తగ్గాలి, ఆపాక మెట్‌ఫార్మిన్ లాంటిది అవసరమవుతుందా అన్నవి ముందే అడగండి. ఈ సంప్రదింపులకు భర్త కూడా వెళ్లటం మేలు. నడుం కొలత, మూడు నెలల సగటు షుగరు, కాలేయం పరీక్ష ఆయనకూ చేయించండి. టెస్టోస్టిరాన్ పరీక్ష ఆ తర్వాత చూసుకోవచ్చు.